యానాం గోల్‌కీపర్ బయటివాడేనా, వేల్స్ ఆటగాడు విదేశీయుడేనా?

అమలాపురం కుర్రాళ్ళు సంక్రాంతి సెలవుల్లో పగలు సెవెన్స్ (జట్టుకి ఏడుగురు ఆడే) ఫుట్‌బాల్ టోర్నమెంటు, సాయంత్రం ఫుట్‌బాల్ క్విజ్ పెట్టారు. రెండింట్లోనూ గొడవ వచ్చింది. ఇంగ్లండ్ క్లబ్బుల పెద్ద లీగ్ అయిన ప్రీమియర్ లీగ్‌లో రెండు జట్ల మొదటి పదకొండు మందీ విదేశీయులే అయిన తొలి మ్యాచ్ ఏదని క్విజ్‌లో అడిగారు. 2009 డిసెంబర్ 30న జరిగిన పోర్ట్స్‌మత్–ఆర్సెనల్ మ్యాచ్ అని వాళ్ళ దగ్గరున్న జవాబు. ఒక జట్టు లేచి, ఆ రోజు ఆర్సెనల్ తరఫున ఆడి గోల్ కూడా కొట్టిన ఆరన్ రామ్‌జీ వేల్స్ వాడు, వేల్స్ బ్రిటన్‌లోదే, కాబట్టి ప్రశ్నే తప్పు అంది. మైదానంలో ఏమైందంటే, సెమీఫైనల్ ఓడిన జట్టు గెలిచిన జట్టు గోల్‌కీపర్ యానాం వాడని తెలుసుకుని, బయటి ఆటగాణ్ణి దింపారు కాబట్టి మ్యాచ్ మళ్ళీ ఆడించమంది. ఎవరిది న్యాయమో చెప్పమని నన్ను అడిగారు.

హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా, మండల, జిల్లా స్థాయి పోటీల్లో రిఫరీగా చాలా ఏళ్ళు పనిచేశాను. క్విజ్ ప్రశ్నలూ రాస్తుంటాను. ముందు తీర్పు చెప్పేస్తానండి. క్విజ్‌లో అభ్యంతరం చెప్పిన జట్టు మాట సబబే. మైదానంలో అభ్యంతరం చెల్లదు, సెమీఫైనల్ ఫలితం అలాగే ఉంచండి. ఒకచోట అభ్యంతరాన్ని ఒప్పుకుని ఇంకోచోట కాదంటున్నానేమిటని మీకు అనిపించవచ్చు. రెండింటికీ కారణం ఒకటే. ఫలానా ఆటగాడు విదేశీయుడా కాదా అన్నది ఆ మనిషిని చూసి తేలేది కాదు. ఏ పోటీ, ఏ సంవత్సరం, ఎవరి రూల్ బుక్ అన్నది తెలిశాకే తేలుతుంది. రూల్ బుక్ పేరు చెప్పకుండా వేసిన ప్రశ్న సగం ప్రశ్నే.

ముందు రామ్‌జీ సంగతి చూద్దాం. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్ ఒకే దేశంగా ఒలింపిక్స్‌కి వెళ్తాయి గానీ ఫుట్‌బాల్‌లో నాలుగు వేర్వేరు సంఘాలు. అయినా ఇంగ్లండ్ లీగ్‌లో స్కాట్లండ్, వేల్స్, ఐర్లండ్ వాళ్ళని ఎవరూ విదేశీయుల కింద లెక్కపెట్టలేదు. 1992 ఆగస్టులో ప్రీమియర్ లీగ్ మొదటి వారాంతంలో 13 మంది విదేశీయులే మొదటి పదకొండుల్లో ఉన్నారని తరచూ చెప్తారు కదా, ఆ లెక్కలో వీళ్ళెవరూ లేరు. కానీ అదే ఇంగ్లండ్ క్లబ్ యూరప్ పోటీకి వెళ్తే అదే మనుషులు విదేశీయులైపోయేవారు. అప్పట్లో యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ రూలు ప్రకారం ముగ్గురు విదేశీయులు, వాళ్ళతోపాటు ఆ దేశంలోనే ఎదిగి అక్కడివాళ్ళలో కలిసిపోయిన ఇంకో ఇద్దరు, అంతకు మించి ఆడకూడదు. దాన్నే త్రీ ప్లస్ టూ అనేవారు. 1994 నవంబర్ 2న బార్సిలోనాతో మ్యాచ్‌కి మాంచెస్టర్ యునైటెడ్ కోచ్ అలెక్స్ ఫెర్గూసన్ ఈ లెక్క సరిపెట్టడానికి డెన్మార్క్ గోల్‌కీపర్ పీటర్ ష్మైకెల్‌ను పక్కన కూర్చోబెట్టి గ్యారీ వాల్ష్‌ను దించాడు. నాలుగు సున్నాతో ఓడిపోయారు. ఆ రోజుల్లో యూరప్‌లోనే పేరున్న గోల్‌కీపర్ ఆడలేకపోయింది గాయంతో కాదు, పక్కనున్న వేల్స్, ఐర్లండ్ వాళ్ళు కూడా కోటాలో పడటం వల్ల.

బార్సిలోనాకీ ఈ దెబ్బ తగిలింది. వాళ్ళ దగ్గర స్టోయిచ్‌కోవ్, రొమారియో, కోమన్, మైకేల్ లాడ్రప్ అని నలుగురు విదేశీయులు ఉండేవారు. ముగ్గురికే చోటు. 1994 మే 18న ఏథెన్స్‌లో యూరోపియన్ ఫైనల్‌కి యోహాన్ క్రైఫ్ లాడ్రప్‌ను తప్పించాడు. మిలాన్ నాలుగు సున్నాతో గెలిచింది. లాడ్రప్ ఆ వేసవిలోనే రియల్ మాడ్రిడ్‌కి వెళ్ళిపోయాడు. కోటా అంటే కాగితం మీది అంకె అనుకుంటాం గానీ, అది ఒక్కోసారి ఒక ఆటగాడి జీవితంలో అతిపెద్ద మ్యాచ్‌ను లాగేసుకుంటుంది.

కాబట్టి మీ క్విజ్ ప్రశ్నను ఇలా మార్చి రాసుకోండి: ప్రీమియర్ లీగ్‌లో రెండు జట్ల మొదటి పదకొండుల్లో ఇంగ్లండ్ ఆటగాడు ఒక్కడూ లేని తొలి మ్యాచ్ ఏది? అప్పుడు పోర్ట్స్‌మత్–ఆర్సెనల్ అన్న జవాబుకి తిరుగుండదు. విదేశీయులు అన్న మాటే కావాలంటే 1999 డిసెంబర్ 26న సౌతాంప్టన్ మీద చెల్సీ దించిన పదకొండు మంది గురించి అడగండి. అందులో బ్రిటన్ వాడూ లేడు, ఐర్లండ్ వాడూ లేడు, ఏ లెక్కన చూసినా చెల్లుతుంది. 2005 ఫిబ్రవరి 14న క్రిస్టల్ ప్యాలెస్ మీద ఆర్సెనల్ సబ్‌స్టిట్యూట్లతో కలిపి పదహారు మందినీ విదేశీయులనే పెట్టుకుంది. ఈ రెండు జవాబులూ తరచూ కలిసిపోతుంటాయి. మొదటి పదకొండా, మొత్తం పదహారా అన్నది ప్రశ్నలోనే రాయాలి.

1999 నాటికి అలాంటి జట్టు ఎలా సాధ్యమైందో కూడా చెప్పాలి. జాన్ మార్క్ బోస్మన్ అనే బెల్జియం ఆటగాడు కాంట్రాక్టు అయిపోయాక ఫ్రాన్స్‌లోని డంకర్క్‌కి వెళ్దామనుకుంటే అతని క్లబ్ లియేజ్ అడ్డుపడింది. కోర్టుకెక్కాడు. యూరోపియన్ న్యాయస్థానం 1995 డిసెంబర్ 15న అతని పక్షాన తీర్పిచ్చింది. కాంట్రాక్టు ముగిసిన ఆటగాడు ఉచితంగా వెళ్ళొచ్చు, యూరోపియన్ యూనియన్ పౌరుడికి అక్కడి లీగుల్లో విదేశీ కోటా వర్తించదు. ఆ తీర్పుతో త్రీ ప్లస్ టూ పోయింది. బోస్మన్ పేరు ప్రతి క్విజ్‌లోనూ వస్తుంది గానీ, ఆ కేసులో ఆయన ఆడే వయసంతా కరిగిపోయిందని, లాభమంతా తర్వాతి తరం వాళ్ళు పొందారని చెప్పేవాళ్ళు తక్కువ.

ఇక్కడ అందరూ పడే గోతి ఒకటుంది. అది పుట్టిన ఊరు. ఆ చెల్సీ పదకొండులోనే ఉన్న రాబర్టో డి మాటియో స్విట్జర్లండ్‌లో పుట్టాడు, ఇటలీకి ఆడాడు. ఒకే ప్రపంచ కప్‌లో 13 గోల్స్ కొట్టిన జస్ట్ ఫాంటేన్ 1958లో ఫ్రాన్స్ వాడు, పుట్టింది మొరాకోలోని మర్రాకేష్‌లో. 1966లో పోర్చుగల్ తరఫున 9 గోల్స్ కొట్టిన యూసేబియో పుట్టింది మొజాంబిక్‌లో. జర్మనీ తరఫున ప్రపంచ కప్పుల్లో 16 గోల్స్ చేసిన మిరోస్లావ్ క్లోజె పుట్టింది పోలండ్‌లో. ఇటు తిప్పి చూస్తే, 2022లో సెమీఫైనల్ దాకా వెళ్ళిన మొరాకో జట్టులో 26 మందికి 14 మంది మొరాకో బయట పుట్టినవాళ్ళే. వాళ్ళలో ఒక్కరైనా విదేశీయుడని ఆ దేశంలో అనరు. పుట్టిన ఊరు ట్రివియాకి పనికొస్తుంది. అర్హత తేల్చడానికి దాన్ని ఒంటరిగా ఎప్పుడూ వాడకండి.

ఇంకో రకం లెక్క ఉంది, మన కుర్రాళ్ళకి అది చెప్పకుండానే అర్థమవుతుంది. ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) కౌన్సెలింగ్‌లో లోకల్, నాన్ లోకల్ ఎలా చూస్తారు? ఎక్కడ పుట్టావని కాదు, అర్హత పరీక్ష రాసిన ఏడాదితో ముగిసేలా వరసగా నాలుగేళ్ళు ఎక్కడ చదివావని. ప్రీమియర్ లీగ్‌లో 2010–11 సీజన్ నుంచి ఉన్న హోమ్‌గ్రోన్ రూలు అచ్చం అలాంటిదే. 21 ఏళ్ళు నిండేలోపు మూడు పూర్తి సీజన్లు ఇంగ్లండ్ లేదా వేల్స్ క్లబ్బులో నమోదై ఉంటే చాలు, పాస్‌పోర్టు ఏదైనా హోమ్‌గ్రోనే. 25 మంది జట్టులో అలా కానివాళ్ళు 17 మందికి మించకూడదు. అందుకే పదహారేళ్ళకే ఆర్సెనల్‌కి వచ్చిన స్పెయిన్ వాడు సెస్క్ ఫాబ్రెగాస్ హోమ్‌గ్రోన్. కుర్రతనంలో మాంచెస్టర్‌లో ఉన్న ఫ్రాన్స్ ఆటగాడు పాల్ పోగ్బా కూడా అంతే. ఇంగ్లండ్ జాతీయ జట్టుకి ప్రపంచ కప్ ఆడిన ఓవెన్ హార్‌గ్రీవ్స్ మాత్రం ఈ రూలుకి లొంగడు. ఆయన కెనడాలో పుట్టాడు, పదహారేళ్ళ వయసులో బయర్న్ మ్యూనిక్‌కి వెళ్ళి 2007 దాకా అక్కడే ఆడాడు. ఇంగ్లండ్ చొక్కా వేసుకున్న మనిషి ఇంగ్లండ్ లీగ్ లెక్కలో ఇంటివాడు కాదు, స్పెయిన్ చొక్కా వేసుకున్నవాడు ఇంటివాడు. దీన్ని క్విజ్‌లో అడిగితే హాలంతా లేచి వాదిస్తుంది, అంత మంచి ప్రశ్న. ఒక్క సంగతి జోడించండి. బ్రెగ్జిట్ తర్వాత, 2021 నుంచి, ఇంగ్లండ్ క్లబ్బులు 18 ఏళ్ళ లోపు విదేశీ కుర్రాళ్ళని తీసుకోవడానికి వీల్లేదు. ఫాబ్రెగాస్ వచ్చిన దారి ఇప్పుడు మూసుకుపోయింది.

స్పెయిన్ క్లబ్ అథ్లెటిక్ బిల్బావో సంగతి అడిగేవాళ్ళుంటారు, క్లుప్తంగా చెప్తాను. స్పెయిన్, ఫ్రాన్స్ సరిహద్దుకి రెండు వైపులా ఉన్న బాస్క్ ప్రాంతంలో పుట్టినవాళ్ళు లేదా అక్కడ ఆట నేర్చుకున్నవాళ్ళనే తీసుకోవడం ఆ క్లబ్ పెట్టుకున్న పద్ధతి, లీగ్ రూలు కాదు. ఫ్రాన్స్ వైపు బాస్క్ ప్రాంతం నుంచి 1996లో బిక్సెంటె లిజరాజు వచ్చాడు. బిల్బావోలో పుట్టిన ఇన్యాకి విలియమ్స్ 2022 ప్రపంచ కప్‌లో ఘనా తరఫున ఆడితే, తమ్ముడు నీకో విలియమ్స్ స్పెయిన్ తరఫున ఆడాడు.

జాతీయ జట్ల విషయానికొస్తే పాత రోజుల్లో పట్టింపు చాలా తక్కువ. లూయిస్ మోంటి 1930 ఫైనల్ అర్జెంటీనాకి ఆడి ఓడాడు, 1934 ఫైనల్ ఇటలీకి ఆడి గెలిచాడు. రెండు దేశాలకి ప్రపంచ కప్ ఫైనల్ ఆడినవాడు ఆయనొక్కడే. తర్వాత తర్వాత రూలు బిగిసింది, అధికారిక పోటీలో ఒక్క నిమిషం ఆడినా ఆ దేశానికే కట్టుబడాల్సి వచ్చింది. దానివల్ల నలిగిపోయిన మనిషి మునీర్ ఎల్ హద్దాదీ. స్పెయిన్‌లో పుట్టిన మొరాకో సంతతి కుర్రాడు. 2014 సెప్టెంబర్‌లో యూరో క్వాలిఫయర్ చివర్లో స్పెయిన్ తరఫున కొద్ది నిమిషాలు మైదానంలో ఉన్నాడు, అంతే. మళ్ళీ స్పెయిన్ పిలవలేదు. 2018 ప్రపంచ కప్‌కి మొరాకో అడిగితే రూలు ఒప్పుకోలేదు, క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం కూడా కుదరదంది. 2020 సెప్టెంబర్‌లో ఫిఫా రూలు సడలించింది. 21 ఏళ్ళు రాకముందు సీనియర్ జాతీయ జట్టుకి, ఫ్రెండ్లీలతో (పోటీలో భాగం కాని మ్యాచ్‌లతో) కలిపి, మూడు మ్యాచ్‌లకు మించి ఆడకపోతే, అవి ప్రపంచ కప్ లేదా ఖండ స్థాయి ఫైనల్స్ పోటీలు కాకపోతే, చివరి మ్యాచ్ అయి మూడేళ్ళు గడిస్తే మారొచ్చు. మునీర్ 2021లో మొరాకోకి ఆడాడు. నాకు ఈ సడలింపు చాలా న్యాయంగా తోస్తుంది. పంతొమ్మిదేళ్ళ కుర్రాడు ఆడిన పది నిమిషాలు అతని జీవితమంతటికీ తాళం వెయ్యకూడదు. డెక్లాన్ రైస్ లాంటివాళ్ళది వేరే కథ. ఆయన ఐర్లండ్‌కి ఆడిన మూడూ ఫ్రెండ్లీలే కాబట్టి 2019లో ఇంగ్లండ్‌కి మారడానికి పాత రూలే సరిపోయింది. క్విజ్ రాసేటప్పుడు ఫ్రెండ్లీనా, అధికారిక మ్యాచా అన్నది చూసుకోకపోతే ఇక్కడే పట్టుబడతారు.

ఇప్పుడు మన దేశం. ఇక్కడ ఒకటే గీటురాయి, భారత పాస్‌పోర్టు. మనకు ద్వంద్వ పౌరసత్వం లేదు. 2008లో కేంద్ర క్రీడా శాఖ పెట్టిన విధానంతో భారత సంతతివాళ్ళు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకి మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నవాళ్ళు భారత జట్టుకి ఆడే దారి మూసుకుపోయింది. దీని ఫలితం చూడండి. జపాన్‌లో పుట్టిన ఇజుమి అరాటా తండ్రి గుజరాతీ. పుణె ఎఫ్‌సీలో ఆడుతూ ఉండగానే 2012లో జపాన్ పౌరసత్వం వదులుకుని మన పౌరసత్వం తీసుకున్నాడు, 2013లో భారత్‌కి ఆడాడు. అదే క్లబ్, అదే మనిషి, మొన్నటిదాకా విదేశీ కోటా, ఇప్పుడు కాదు. ఇంగ్లండ్‌లో పుట్టిన మైకేల్ చోప్రా తండ్రి కూడా భారతీయుడే గానీ, 2014లో కేరళ బ్లాస్టర్స్‌కి ఆడినప్పుడు ఆయన విదేశీ ఆటగాడే. ఆస్ట్రేలియాకి 2019లో ఫ్రెండ్లీ ఆడిన ర్యాన్ విలియమ్స్ బెంగళూరు ఎఫ్‌సీలో ఆడుతూ 2025లో ఆ దేశ పాస్‌పోర్టు వదిలేసి భారత పౌరుడయ్యాడు. పాస్‌పోర్టు వదులుకోవడం చిన్న నిర్ణయం కాదు. అది చేసినవాళ్ళని బయటినుంచి తెచ్చుకున్న ఆటగాళ్ళనడం నాకు నచ్చదు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ కోల్‌కతాది. అలీగఢ్‌లో చదువుకోవడానికి వచ్చిన ఇరాన్ విద్యార్థులు మజీద్ బిష్కర్, జంషీద్ నసీరీ 1980లో ఈస్ట్ బెంగాల్‌లో చేరి అక్కడివాళ్ళ గుండెల్లో నిలిచిపోయారు. జంషీద్ కోల్‌కతాలోనే స్థిరపడ్డాడు. కొడుకు కియాన్ నసీరీ 2022 జనవరిలో కోల్‌కతా డెర్బీలో (ఆ ఊరి రెండు ప్రత్యర్థి క్లబ్బుల మ్యాచ్‌లో) సబ్‌స్టిట్యూట్‌గా దిగి మోహన్ బగాన్ తరఫున హ్యాట్రిక్ కొట్టాడు, అదీ వాళ్ళ నాన్న ఆడిన ఈస్ట్ బెంగాల్ మీద. తండ్రి విదేశీ ఆటగాడు, కొడుకు భారతీయ ఆటగాడు, ఊరు ఒక్కటే.

ఈస్ట్ బెంగాల్ మొదటి విదేశీ ఆటగాడెవరంటే 1940లలో ఆడిన ఫ్రెడ్ పగ్స్‌లీ పేరు చెప్తారు. రంగూన్ మీద జపాన్ దాడి జరిగాక 1942లో బర్మా నుంచి నడిచి వచ్చినవాడు. గోదావరి జిల్లాల్లో ఎన్నో ఇళ్ళలో తాతలు అదే దారిన, అదే సంవత్సరంలో, కాళ్ళు పుళ్ళుపడేలా నడిచి వచ్చారు. బర్మా 1937 ఏప్రిల్ 1 దాకా బ్రిటిష్ ఇండియాలోదే. అయిదేళ్ళ ముందు వచ్చి ఉంటే పగ్స్‌లీని విదేశీయుడని రాసేవారా? అందుకే ప్రశ్నలో సంవత్సరం ఉండాలని అంత గట్టిగా చెప్తున్నాను.

మనవాళ్ళు గర్వంగా చెప్పుకునే పేరు ఇంకొకటి ఉంది, వికాష్ దొరసూ. 2006 ప్రపంచ కప్‌లో ఫ్రాన్స్ తరఫున సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు. పూర్వీకులు మారిషస్ వెళ్ళిన తెలుగువాళ్ళు. పంతొమ్మిదో శతాబ్దంలో మన కోరంగి రేవు నుంచి కూడా కూలీల ఓడలు మారిషస్‌కి వెళ్ళాయి కాబట్టి ఆ పేరు వింటే ఇక్కడివాళ్ళకి మనసు కదలడం సహజం. తెలుగు మూలాలున్న ప్రపంచ కప్ ఆటగాడని రాయండి, నిజమే. భారతీయ ఆటగాడని మాత్రం రాయొద్దు. ఆయన ఫ్రాన్స్‌లో పుట్టిన ఫ్రెంచి పౌరుడు. ఫ్రాన్స్‌లో లియోన్ క్లబ్బుకి ఆడినప్పుడు ఇంటివాడు, ఇటలీలో మిలాన్‌కి వెళ్ళినప్పుడు యూరోపియన్ యూనియన్ పౌరుడు కాబట్టి కోటా తగల్లేదు. మన దేశంలో ఏ క్లబ్బుకైనా ఆడి ఉంటే మాత్రం విదేశీయుల జాబితాలో రాసేవారు.

ఇక యానాం అబ్బాయి సంగతి. మీరు పంపిన కరపత్రం ఫొటో చూశాను. గోదావరి జిల్లాల జట్లకు ఆహ్వానం, బయటి ఆటగాళ్ళు ఇద్దరికి మించరాదు అని ఉంది. బయటివాడంటే ఎవరో ఎక్కడా లేదు. అబ్బాయి ఆధార్ జిరాక్సు మీద పుదుచ్చేరి అని ఉందని అవతలి కెప్టెన్ వాదన. అదే జిరాక్సులో దాని పక్కనే పిన్ కోడ్ ఉంది చూడండి, 533464. మీ అమలాపురం 533201, కాకినాడ 533001. తపాలా శాఖ లెక్కలో ముగ్గురూ ఒక్క కుటుంబమే. రవాణా శాఖ లెక్కలో ఆ అబ్బాయి బండి పీవై 04. రాష్ట్రాల జట్లు ఆడే జాతీయ ఫుట్‌బాల్ పోటీ సంతోష్ ట్రోఫీకి వెళ్ళాలంటే పుదుచ్చేరికి వేరే జట్టుంది. ఎదుర్లంక వంతెన దాటితే వచ్చే ఊరు ఒక పుస్తకంలో మనది, ఇంకో పుస్తకంలో కాదు. యానాం 1954లో ఫ్రెంచి పాలన నుంచి బయటపడి, చట్టప్రకారం 1962 ఆగస్టు 16న భారత్‌లో కలిసింది. ఆ ఒప్పందంలో ఫ్రెంచి పౌరసత్వం ఎంచుకునే హక్కు అక్కడి ప్రజలకు ఇచ్చారు. అలా ఎంచుకున్న కుటుంబంలో కుర్రాడు ఫ్రెంచి పాస్‌పోర్టుతో ఉంటే, ఇంట్లో తెలుగే మాట్లాడినా మన దేశవాళీ లీగుల్లో అతను విదేశీ కోటాలోకే వస్తాడు.

మీ కరపత్రంలో నిర్వచనం లేదు కాబట్టి ఆ అనుమానం ఆటగాడికే అనుకూలంగా తీర్చాలి. రూలు రాయనిది నిర్వాహకులు, దానికి ఆ అబ్బాయిని శిక్షించకూడదు. పైగా మ్యాచ్ మొదలవక ముందే జాబితా రెండు జట్ల కెప్టెన్లూ చూసి సంతకాలు పెట్టారని మీరే రాశారు. అర్హత మీద అభ్యంతరం కిక్‌ఆఫ్‌కి ముందు చెప్పాలి. ఓడాక గుర్తొచ్చిన అభ్యంతరం మీద మ్యాచ్ మళ్ళీ ఆడిస్తే, ఇకముందు ప్రతి జట్టూ ఒక అనుమానాన్ని జేబులో దాచుకుని దిగుతుంది.

వచ్చే ఏడాదికి ఇలా రాసుకోండి. ఆధార్ మీద ఆధారపడకండి, అందులో చిరునామా ఎప్పుడైనా మార్చుకోవచ్చు, పౌరసత్వానికి అది రుజువూ కాదు. కుర్రాళ్ళకైతే స్కూలు స్టడీ సర్టిఫికెట్ అడగండి, పెద్దవాళ్ళకైతే టోర్నమెంటుకి కనీసం ఏడాది ముందు తేదీ ఉన్న నివాస ఆధారం. జిల్లా పేరు ఒక్కటే రాస్తే సరిపోదు. 2022 ఏప్రిల్‌లో కోనసీమ, కాకినాడ వేరే జిల్లాలయ్యాయి కాబట్టి పాత తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి సరిహద్దులని స్పష్టంగా రాసి, యానాం కూడా కలుపుతున్నామో లేదో ఒక వాక్యం రాయండి. కలపమనే నా సలహా. చదువులకూ సంతలకూ రోజూ ఇటూ అటూ తిరిగే ఊరిని ఆట దగ్గర వేరు చెయ్యడం బాగోదు. అభ్యంతరాలకు కిక్‌ఆఫ్‌కి అరగంట ముందు గడువు పెట్టండి, తర్వాత ఎవరు అడిగినా వినొద్దు.

క్విజ్‌లో ఆ ప్రశ్న రద్దు చెయ్యకండి. కార్డు మీది జవాబు చెప్పిన జట్టు మార్కులు వాళ్ళకి ఉంచి, రామ్‌జీ పేరు చెప్పి అభ్యంతరం తెలిపిన జట్టుకి కూడా అన్నే మార్కులు ఇవ్వండి. ఆ మార్పుతో మొదటి స్థానం టై అయితే హార్‌గ్రీవ్స్, ఫాబ్రెగాస్ ప్రశ్న టైబ్రేకర్‌గా వాడుకోండి. ప్రీమియర్ లీగ్, 2010–11 రూలు అని కార్డు మీద రాయడం మర్చిపోకండి.